గంట మోగిన శుక్రవారం

అలైదా కోర్తెకాస్‌కి శనివారం పెళ్ళి. ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడదానికి సర్కారు ఉద్యోగం ఉండేది కాదు కాబట్టి, మా లైడెన్ ఖగోళ వేధశాలలో ఆమెకి శుక్రవారమే ఆఖరి రోజు. పన్నెండేళ్ళు లెక్కల మిషన్ పిడి తిప్పింది. ఒక్క నివేదికలోనూ ఆమె పేరు అచ్చు కాలేదు. లెక్క కట్టేవాళ్ళ పేర్లు వేసే అలవాటే మా దగ్గర లేదు. ఆ అలవాటు పెట్టినవాడెవడో గానీ, వాడి చేత ఒక్కరోజు ఆ పిడి తిప్పించాలని నాకు భలే కోరిక.

ఆ వారం మా బల్లల మీదికి ఒక తోకచుక్క వచ్చింది. సూర్యుడి దగ్గర దాని వేగం, ఆయన పట్టు తప్పించుకుని శాశ్వతంగా పోగలిగే హద్దు దాటింది.

"ఇది మన సూర్యుడిది కాదమ్మా. వేరే నక్షత్రం దగ్గర్నుంచి వచ్చిన పరాయిది," అని తేల్చేశారు మా పైఅధికారి డాక్టర్ తమింగా.

"ఇప్పటి వేగం సరే డాక్టర్‌గారూ, బయల్దేరినప్పుడు ఎంత? దారిలో బృహస్పతి, శని దాన్ని లాగకుండా ఊరుకున్నాయా?" అంది అలైదా.

"అయితే ఆ లాగుడంతా తీసేసి వెనక్కి కట్టుకుంటూ పోండి. మీ గంట మోగిందా, మీ పేరు మొదటి పేజీలో వేస్తాను," అని నవ్వారాయన.

తీసివేత సున్నా కిందికి పోతే మా మిషన్‌లో గంట మోగుతుంది. తోకచుక్క మొదటి వేగంలోంచి హద్దు వేగం తీసేస్తాం. మోగితే అది మనదే.

ఏ లెక్కైనా ఇద్దరు విడివిడిగా కట్టాలి, రెండూ కలవాలి. ఆ రెండోదాన్ని నేను. శుక్రవారం కాఫీ వేళకి అలైదా మిషన్ మోగింది. నాది మోగలేదు.

"కలవలేదుగా, ఇంక వదిలేయండి," అని డాక్టర్‌గారు బిస్కెట్ల డబ్బా మూత పెట్టేశారు. కాఫీకి ఒక్కటే బిస్కెట్, పెళ్ళికూతురికైనా అంతే.

నాకు తల తీసేసినట్టయింది. అలైదా మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"అక్కా, నీ కాగితాలిటివ్వు."

"రేపు పెళ్ళి పెట్టుకుని ఇదేం పనే? మీ హ్యూబ్ సైకిలేసుకుని గేటు దగ్గరే ఉన్నాడు."

"ఆరేళ్ళు ఆగినవాడు సాయంత్రం దాకా ఆగలేడా? చదువు!"

వరస వరసా వేలు పెట్టి చదివించింది. రెండొందల పదో వరసలో వేలు ఆగింది. బృహస్పతి ఉన్న చోటు ఒక తేదీది రాయబోయి, దాని కింది తేదీది ఎక్కించాను.

"నా కళ్ళు మండిపోను!"

"తర్వాత తిట్టుకుందువు గానీ, ముందు కట్టు. నా అంకెలు మాత్రం చూపించను."

మధ్యాహ్నమంతా కట్టాను. చెయ్యి పడిపోయింది. ఐదు కావస్తుండగా ఆఖరి తీసివేతకి పిడి వెనక్కి తిప్పాను.

టింగ్!

అలైదా కేక విని గేటు దగ్గరి హ్యూబ్ కూడా పరిగెత్తుకొచ్చాడు. డాక్టర్‌గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మనదే," అన్నారు చివరికి. "గ్రహాలన్నీ దాటాక, ఎంతో దూరాన, సూర్యుణ్ణి అంటిపెట్టుకున్న గుంపులోది. దారినపోయే నక్షత్రమేదో కాస్త కదిపితే ఇటు జారింది. నేను పరాయిదన్నాను, తప్పు నాదే."

ఆ మాట ఆయన నోట వినడానికి పన్నెండేళ్ళు పట్టింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఆయనే లేచి డబ్బా మూత రెండోసారి తీసి, తర్వాత కలం పట్టుకున్నారు.

"పేరెలా వేయమంటారు? అచ్చయ్యేసరికి మీరు హ్యూబ్‌గారి భార్య."

అలైదా బిస్కెట్ కొరికి, తాపీగా నమిలి చెప్పింది.

"కోర్తెకాస్ అని వేయండి. లెక్క కట్టింది ఆవిడ."