నేను కూలగొట్టించిన మెట్లు

సహోదరులారా, సహోదరీలారా, అర్జీలు రాయడం తప్ప నాకు మరే రాతా సరిగా రాదు, నలుగురిలో మాట్లాడటం అంతకన్నా రాదు, అయినా దేవుడు నా ఇంట్లో చేసిన కార్యాన్ని నా నోటితోనే చెప్పాలని నా భార్య బాలమణి పట్టుబట్టింది, అందుకే ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను.

ఏడేళ్లపాటు నేను మా ఊరి ట్రస్టు గది ముందు నుంచి తల తిప్పుకుని నడిచాను. ఆ ట్రస్టును నడిపేవాళ్లకు జీతం లేదు, ఆ ఒక్క గది తప్ప వేరే ఆఫీసు లేదు. ఎయిర్‌పోర్టులో క్యాబులు నడిపేవాళ్లు, గోదాముల్లో బరువులు మోసేవాళ్లు, శంషాబాద్ హోటళ్లలో దుప్పట్లు ఉతికేవాళ్లు తమ పని అయిపోయాక వచ్చి ఊరి పని చేస్తారు. చావు ఇంటికి టెంటు, కుర్చీలు పంపుతారు, మంచం పట్టినవాళ్లకు అన్నం పంపుతారు, రోగులను వంతులవారీగా తమ క్యాబుల్లోనే దవాఖానకు తీసుకుపోతారు. ఇదంతా మంచి పని అని నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసే ద్వేషించాను!

ఎందుకంటే ఆ గది కట్టింది మా నాన్న ఇచ్చిన జాగాలో. గది పూర్తయ్యేనాటికి నాన్న లేడు. ప్రారంభం రోజున నేను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని రెండో వరుసలో కూర్చున్నాను. మైకులో ఒక్కొక్కరినే పిలిచారు, టెంటు వేసినవాడిని కూడా పిలిచారు, శాలువాలు కప్పారు. నాన్న పేరు రాలేదు, నా పేరు రాలేదు. పేర్ల కాగితం పట్టుకుని నిలబడింది యాదమ్మ, మా వెనుక వాడ మనిషి, హోటల్లో పనిచేస్తుంది. నేను అన్నం తినకుండా లేచి వచ్చేశాను. ఆ రోజు వండిన వంకాయ కూర వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

తరువాత నేనేం చేశానో వినండి. టేపు పట్టుకుని పోయి ఆ గది మెట్లు కొలిచాను. రెండు అడుగులు రోడ్డు మీదికి వచ్చాయి. పంచాయతీలో అర్జీ పెట్టాను, పట్టించుకోకపోతే మండలంలో పెట్టాను, అక్కడా కదలకపోతే మళ్లీ పెట్టాను. చివరికి మెట్లు కూలగొట్టారు. గది గడప నడుము ఎత్తున మిగిలింది, దాని ముందు ఒక బండరాయి వేసుకున్నారు. నేను గెలిచానని ఆ సాయంత్రం టీ కొట్టులో కూర్చుని అందరికీ చెప్పాను, అయ్యో, ఏం గెలుపది!

నిరుడు బాలమణికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదన్నారు. ఊళ్లో అందరూ ట్రస్టు కారు అడగమన్నారు. వాళ్ల కారు నా ఇంటి ముందు ఆగకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆటో ఎక్కించి, బస్సు మార్చి, మళ్లీ ఆటో ఎక్కించి తిప్పాను. బస్సు అందక రెండుసార్లు డయాలసిస్ తప్పింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇంకోసారి తప్పితే మనిషి దక్కదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. అప్పటికే బాలమణి మన సంఘానికి వస్తూ ఉండేది. నేను ఆమెను లోపల దిగబెట్టి బయట చెప్పుల దగ్గర నిలబడేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం దవాఖాన నుంచి తిరిగి వస్తుంటే సర్వీసు రోడ్డు మీద ఆమె కాళ్లు ఆడలేదు. బస్టాపు అరుగు మీద ఒరిగిపోయింది. తల మీదుగా విమానం పోతోంది, ఆ మోత తగ్గాక ఆమె కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్న మాటలు వినిపించాయి.

"ప్రభువా, నాకు కారు ఇయ్యుమని అడుగుతలేను. ఏడేండ్ల సంది ఈ మనిషి లోపల పడ్డ ముడి ఇప్పు తండ్రీ. ఊరందరితోని కొట్లాట పెట్టుకున్నడు. రేపు నేను పోతే గీయన ఎవలతోని మాట్లాడుతడు?"

సహోదరులారా, చావు అంచున ఉన్న మనిషి తన ప్రాణం అడగలేదు! నా ఒంటరితనం గురించి దేవునితో మొరపెట్టుకుంది. నేను అక్కడే, ఆ దుమ్ములో, నా జీవితంలో మొదటిసారి ప్రార్థించాను. "దేవా, నాకు చేతనైతలేదు, నన్ను నడిపియ్యి" అన్నాను, అంతకన్నా పెద్ద మాటలు నాకు రాలేదు.

ట్రస్టులో ఒక కట్టుబాటు ఉంది. మర్నాటికి కారు కావాలంటే ఆ ఇంటి మనిషే ముందురోజు సాయంత్రం గదికి పోయి, పలక మీద రోగి పేరు తన చేత్తో రాయాలి. ఎవరితోనో కబురు పంపితే కుదరదు. తరువాతి డయాలసిస్‌కు ముందురోజు సాయంత్రం పోయాను. బండరాయి మీద కాలు పెట్టి గడప ఎక్కలేక తూలాను, లోపలి నుంచి యాదమ్మే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"జర పైలం అంజన్నా, మెట్లు లెవ్వు" అంది. "ఎవలు కూలగొట్టిచ్చిన్రో నీకు ఎరికే గద."

నేను గడప దాటి లోపలికి రాగానే ఆమె నవ్వింది.

"ఏంది, మళ్ల కొలిచేటందుకు వచ్చినవా? టేపు ఏది?"

"సుద్దముక్క ఇయ్యి యాదమ్మా, బాలమణి పేరు రాయాలె" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "అక్కకు గింత కష్టమైతే గిప్పుడా వచ్చేది?" అని నన్ను తిట్టింది, తిడుతూనే సుద్దముక్క చేతిలో పెట్టింది. నేను పేరు రాశాను. ఆ రోజు నా పేరు ఎందుకు పిలవలేదని అడగాలని ఏడేళ్లుగా దాచుకున్న మాట నాలుక మీదికి వచ్చింది, వచ్చి, దేవునికే మహిమ, అక్కడే ఆగిపోయింది.

తెల్లారి జంగయ్య అనే డ్రైవరు తన ఎయిర్‌పోర్టు కిరాయి వదులుకుని మా గుమ్మం ముందు కారు ఆపాడు. "వదినా, నువ్వు వెనక కాళ్లు చాపుకుని పండుకో, అన్నను ముందు కూసోబెడత, లేకుంటే జాగ సాలలేదని నీ మీద గూడ అర్జీ పెడతడు" అన్నాడు. నెలల తరువాత నా భార్య నవ్వడం ఆ కారులో విన్నాను.

రోగం పూర్తిగా పోయిందని నేను అబద్ధం చెప్పను, డయాలసిస్ నడుస్తూనే ఉంది. అయితే ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది, ఇదిగో ఆమె మూడో వరుసలో కూర్చుని నేను ఏ మాట వదిలేస్తానో అని చూస్తోంది. వదలను. గది పక్కన మిగిలిన మా జాగాలో నుంచి మూడు అడుగులు రాసిచ్చి, రోడ్డు మీదికి రాకుండా పక్కవైపు నుంచి నేనే మెట్లు కట్టాను. ఆ రోజు పేరు పిలవనందుకు నన్ను ఇంతవరకు ఎవరూ క్షమాపణ అడగలేదు. అది నేను మరచిపోలేదు, నా స్వభావం మీకు తెలుసు. కానీ అది గుర్తొచ్చినప్పుడు ఇప్పుడు నా కడుపులో మంట లేదు. దేవుడు నా జ్ఞాపకాన్ని తీసివేయలేదు, దానిలోని విషాన్ని తీసివేశాడు, ఆయనకే స్తోత్రం!

ప్రియులారా, ఫలానా గడప తొక్కనని మీలో ఎవరైనా ఒట్టు పెట్టుకుని ఉంటే, మీ వైపే న్యాయం ఉందని కూడా నేను ఒప్పుకుంటాను, నాకూ ఉండేది. అయినా నా మాట వినండి, మీ ఇంట్లో మీకోసం ఎవరో నెమ్మదిగా ప్రార్థిస్తూ ఉంటారు, వాళ్ల ప్రాణం మీ పంతం కన్నా ముందు అలసిపోవచ్చు. ప్రభువును నమ్మి, ఈ ఆరాధన అయ్యాక నేరుగా ఇంటికి పోకండి. ముందు ఆ గడపకు పొండి.