ఫారంలో లేని జబ్బు

పదో తరగతి క్వార్టర్లీ లెక్కల పరీక్ష రోజు నాకు మొదటిసారి అలా అయింది. క్వశ్చన్ పేపర్ ఇంకా నా చేతికి రాలేదు, ముందు బెంచీ దాకా వచ్చింది, అంతే. గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి ఆడలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. లెక్కల పేపర్ చూసి ఎవరూ చచ్చిపోరని నాకూ తెలుసు, పైగా నాకు లెక్కలు బాగానే వచ్చు. అయినా పరీక్ష అట్ట, పెన్ను అక్కడే వదిలేసి హాల్లోంచి పరిగెత్తాను. బయట బోరింగు దగ్గర కూర్చుంటే పావుగంటలో తగ్గిపోయింది. అలా తగ్గిపోవడమే నా ఖర్మ. ఎవరొచ్చి చూసినా నేను నిక్షేపంలా ఉన్నాను, పరీక్ష ఎగ్గొట్టడానికి నటన అన్నారు.

మాది దివిసీమలో కోడూరు పక్క ఊరు. నాన్న గురవయ్య రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు. అమ్మ పొలం పనులకి వెళ్ళేది. ఆ పరీక్ష తర్వాత వారానికి రెండు మూడుసార్లు అలాగే అయ్యేది, అదీ బళ్ళోనే. నాయనమ్మ దిష్టి అని తేల్చి ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాం కాబట్టి దిష్టి కాదని ఆవిడే ఒప్పుకుంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు గారు నీరసం అన్నారు. ఆయన దగ్గర కాలు విరిగినా ముందు నీరసమే. సెలైన్ పెట్టి అందులో ఎర్ర ఇంజెక్షన్ కలిపారు. మూడు బాటిళ్ళు ఎక్కాక నా ఒళ్ళు కాస్త నిగారించింది గానీ దడ మాత్రం తగ్గలేదు.

అవనిగడ్డలో ఈసీజీ తీశారు. నార్మల్. నాన్న నమ్మలేదు. ప్రభుత్వం తెల్లకార్డు వాళ్ళకి ఆరోగ్య బీమా పెట్టిన కొత్తలు అవి. మా ఊళ్ళో ఇద్దరు పిల్లలకి గుండెలో చిల్లు ఉంటే కార్డు మీదే ఆపరేషన్ చేసి పంపారు, వాళ్ళు వచ్చి గోలీలాడుతున్నారు. నాదీ అదేనని నాన్న ఖాయం చేసుకున్నాడు. నన్ను బందరు తీసుకెళ్ళి టూడీ ఎకో తీయించాడు.

డాక్టరు గారు టీవీ లాంటి దాంట్లో చాలాసేపు చూసి, "గుండె బంగారంలా ఉందయ్యా. చిల్లు గిల్లు ఏమీ లేదు" అన్నారు.

నాన్న మొహం పాలిపోయింది. "కొంచెం కూడా లేదాండీ?" అన్నాడు.

"లేదయ్యా. సంతోషించు."

"అది కాదండీ, ఉంటే కార్డు మీద అయిపోద్దండీ."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చీటీ రాసి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆ మాట వినగానే నాన్న చుట్టూ చూశాడు, మా ఊరివాళ్ళెవరైనా విన్నారేమోనని.

ఆ డాక్టరమ్మ గారు మాత్రం నా మాట మొత్తం విన్నారు. దీన్ని పానిక్ డిజార్డర్ అంటారని చెప్పారు. "ఇది నటన కాదు, పిచ్చీ కాదు. తగ్గే జబ్బు. టాబ్లెట్లు తొమ్మిది నెలలు వాడాలి, పదిహేను రోజులకోసారి కౌన్సెలింగ్‌కి రావాలి. బాగుందని మధ్యలో మానేయకూడదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నటన కాదని ఇన్నాళ్ళకి ఒక్కరు అన్నారు.

కింద హెల్ప్ డెస్క్‌లో నాన్న కార్డు ఇచ్చాడు. అక్కడి అమ్మాయి బీమా వర్తించే జబ్బుల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పి, దీనికి కోడ్ లేదు బాబాయ్ అంది. నాన్న బతిమాలితే ఎవరికో ఫోన్ చేసింది. ఆపరేషన్ అయినట్టు కుట్లు కనపడేలా ఫోటో ఉంటే గానీ డబ్బు రాదని అవతలివాళ్ళు చెప్పారట. నాన్న నా వైపు ఎగాదిగా చూశాడు, ఎక్కడ కుట్టిస్తే బాగుంటుందా అన్నట్టు.

సరే, సొంత ఖర్చుతోనే మొదలెట్టాం. టాబ్లెట్లు పని చేశాయి. దడ రావడం తగ్గింది, వచ్చినా పిల్లిలా వచ్చి వెళ్ళిపోయేది. కానీ కోడూరు నుంచి బందరు వెళ్ళి రావాలంటే బస్సుల్లోనే పొద్దు గూకేది. ఆ రోజు చెరువు మీద నాన్న ఉండడు. ఇలాగైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని చెరువు ఆసామి అన్నాడట. అది విని నేనో గొప్ప నిర్ణయం తీసుకున్నాను. నాకు పూర్తిగా తగ్గిపోయిందని ప్రకటించి, డాక్టరమ్మ గారు వద్దన్న పనే చేశాను. ఇంట్లో అందరూ నమ్మారు, నమ్మడం అందరికీ సదుపాయంగా ఉంది మరి.

హాఫ్ ఇయర్లీ రెండో రోజు దడ వడ్డీతో సహా వచ్చింది. ఈసారి పరిగెత్తే ఓపిక కూడా లేక బెంచీ పక్కనే కూలబడ్డాను. మర్నాటి నుంచి బడికి వెళ్ళనని చెప్పేశాను. అమ్మతో పాటు మినుము తీతకి వెళ్తానన్నాను. మినపచేలో ఎవరూ క్వశ్చన్ పేపర్ ఇవ్వరు కదా.

నాలుగో రోజున మా హెడ్మిస్ట్రెస్ సామ్రాజ్యం మేడమ్ గారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ గొంతు వింటే కుక్కలు కూడా లైన్లో నిలబడేవి. ఆ రోజు మాత్రం నులకమంచం మీద కూర్చుని, చిల్లు లేని గుండె, కోడ్ లేని జబ్బు, కుట్ల ఫోటో అన్నీ వరసగా విన్నారు. తర్వాత నాన్నతో, "గురవయ్యా, పరీక్షలయ్యే దాకా దీని చేత మినుము తీయించావో, నేనొచ్చి నీ చెరువు మీద కూర్చుంటాను" అన్నారు.

ఆ వారమే బందరు నుంచి బళ్ళకి ఫారాలు వచ్చాయి. బీమా పథకం నిధులతో బళ్ళలో ఆరోగ్య శిబిరాలు పెడతారట. ఏ పిల్లకి ఏ ఇబ్బందో టీచర్లు ముందే నింపి పంపితే, ఆ ఇబ్బందులకి తగిన డాక్టర్లని పంపుతారు. ఫారంలో కళ్ళు, పళ్ళు, చెవులు, చర్మం, గుండె ఉన్నాయి. హాజరు పట్టీలో గడి చాలకపోతే స్కేలు పెట్టి గీసుకోవడం మా టీచర్లకి అలవాటు. మేడమ్ గారు అదే చేశారు. గుండె పక్కన నిలువుగా ఒక గీత గీసి, పైన "మనసు" అని అచ్చు అక్షరాల్లా రాసి, జెరాక్స్ తీయించారు.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి నిద్ర పడుతోందా, బడికి రావాలంటే భయమా అని అడిగారు. తొమ్మిదో తరగతిలో సగం మంది లెక్కల మాస్టారంటే భయం అన్నారు. అదీ భయమే, రాయండి అన్నారు మేడమ్ గారు, రాస్తున్నది ఆ మాస్టారే. కానీ తల్లి పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడని ఏడో తరగతి పిల్ల సంగతి కూడా ఆ కాలమ్‌లోనే బయటపడింది. అప్పటిదాకా ఆ పిల్లని అందరూ బుద్ధిమంతురాలు అనుకునేవాళ్ళం.

ఫారాలు బందరు వెళ్ళాయి. అక్కడి గుమాస్తా గారి బల్ల మీదికి మావే ముందు చేరాయి. కొత్త ఫారం ఇదే కాబోలనుకుని, ఆయన మిగతా బళ్ళవన్నీ "పాత ఫారం, మనసు కాలమ్ లేదు" అని రాసి తిప్పి పంపారు. ఘంటసాల వైపు నుంచి, పమిడిముక్కల వైపు నుంచి హెడ్మాస్టర్లు మా బడికి ఫోన్లు మొదలెట్టారు, ఇందులో ఏం రాయాలండీ అని. పిల్లల్ని అడిగి రాయండి అని ఈవిడ చెప్పారు. ఒకాయన కాండక్ట్ సర్టిఫికెట్‌లోలాగా అందరికీ "గుడ్" అని రాశారు. ఇంకొకాయన కళ్ళ కాలమ్ చూసి "6/6" అని నింపారు. కానీ చాలామంది నిజంగానే అడిగారు, నిజంగానే రాశారు.

ఆ కాలమ్‌లో అన్నేసి పేర్లు వచ్చేసరికి పైనుంచి ఒక ఆఫీసరు గారు జీపులో మా బడికి వచ్చారు. ఈ కాలమ్ ఎవరు మంజూరు చేశారని అడిగారు. నేనే గీశానండీ అన్నారు మేడమ్ గారు. ఆవిడ గొంతు తగ్గడం నేను ఆ రోజే విన్నాను. ఆఫీసు రూముకి నన్ను పిలిపించారు. ఆయన ముందు నిలబడగానే వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"ఏమ్మా, నీకేంటి ఇబ్బంది?"

"చూస్తూ ఉండండి సార్, ఇప్పుడే వస్తోంది" అన్నాను.

ఆయన కంగారుగా లేచి తన కుర్చీ నాకు ఇచ్చారు. పది నిమిషాలు నేను కూర్చున్నాను, ఆఫీసరు గారు నిలబడ్డారు. అంతా చూసి, కాసేపు ఫారాలు తిరగేసి, "మేడమ్, ఈ గీత చెరపాలన్నా ఫైలు పెట్టాలి. ఆ ఫైలు తిరిగొచ్చేసరికి నేను రిటైరవుతాను. ఉండనివ్వండి" అన్నారు. కాలమ్ ఉంది కాబట్టి దానికో డాక్టరు ఉండాలి. అలా నెలకోసారి, శిబిరం నిధులతోనే, బందరు డాక్టరమ్మ గారు మా బడికి రావడం మొదలైంది. టాబ్లెట్లు కూడా అక్కడే ఇచ్చేవారు. కోడ్ మాత్రం ఆ పుస్తకంలోకి రాలేదు.

"దడ చుట్టం లాంటిది. వస్తుంది, పది నిమిషాలు కూర్చుంటుంది, పోతుంది. నువ్వు మర్యాదలు చేయకు" అని ఆవిడ నాకు నేర్పారు. పబ్లిక్ పరీక్షలో లెక్కల రోజు ఆ చుట్టం రానే వచ్చింది. ఇన్విజిలేటరు పరిగెత్తుకొచ్చారు. ఏం లేదు సార్, పది నిమిషాలు అన్నాను. బెంచీ గట్టిగా పట్టుకుని, అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. హాలు దాటి బయటికి వెళ్ళలేదు. తర్వాత పేపరంతా రాశాను.

ఇప్పుడు గుడివాడలో డిగ్రీ చదువుతున్నాను, లెక్కలే. డాక్టరమ్మ గారు చెప్పాకే టాబ్లెట్లు ఆపాను. పోయిన ఏడాది రెండుసార్లు దడ వచ్చింది, ఒకటి బస్సులో. పక్కనున్నావిడ భయపడి నా ఒళ్ళో కూర్చున్నంత పని చేసింది. ఆవిడకి నేనే ధైర్యం చెప్పాను.

చదివేవాళ్ళకి చెప్పేది ఒక్కటే. మీ పిల్లకి గుండె దడగా ఉందంటే తప్పకుండా ఈసీజీ తీయించండి. నార్మల్ అని వస్తే సంతోషించండి, కానీ అక్కడితో ఇంటికి వెళ్ళిపోకండి. ఏమీ లేదని డాక్టరు గారు అన్నాక, మరి మా పిల్లకి ఎందుకిలా అవుతోందని ఇంకొక్క మాట అడగండి. ఆ మాట మా నాన్న కూడా అడగలేదు, ఆ డాక్టరు గారు దయగలవారై తానే చీటీ రాశారు. ఆ చీటీ లేకపోతే నేను ఈపాటికి మినపచేలో ఉండేదాన్ని.