మీ కాకకు వచ్చింది కామెర్లు కాదు

కూసో. గడప మీద కాదు, ఇటొచ్చి గోడకు ఒరిగి సక్కగ కూసో. ఆ ఫోను బోర్లా పెట్టు. నోటుబుక్కు తెచ్చినవా? నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె, నీ కాలేజీ తెలుగు చేసి దాన్ని తెల్లగ ఉతకొద్దు. నడుమల "నిజమేనా బాపమ్మా" అని అడ్డం రావొద్దు. పదమూడేండ్ల సంది నీకు చెప్పుకుంట వచ్చిన అబద్ధం ఒకటుంది. చెప్పింది నేనే. ఇయ్యాల ఇప్పేది కూడ నేనే.

మీ కాకకు అప్పుడు వచ్చింది కామెర్లు కాదు.

ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు అంటవా? నిన్న మీ మేనత్త ఫోన్ల నీ పెండ్లి పనులు పంచిపెట్టింది. పందిరి కాడ ఎవరుండాలె, పూలు ఎవరు తేవాలె, చుట్టాలను బస్టాండ్ కాడికెళ్లి ఎవరు తోలుకరావాలె, అన్నీ చెప్పింది. ఆఖరుకు గొంతు తగ్గించి, తమ్మునికి వడ్డించే కాడ పని పెట్టకు అవ్వా, చూసేటోళ్లు మంచిగ అనుకోరు అన్నది. నేను కన్న బిడ్డనే. డిగ్రీ చదివింది. అప్పటి సంది నా కడుపు మండుతనే ఉంది. ఈ మంట నేను మింగి ఊకుంటే రేపు నువ్వు కూడ నీ పిల్లలకు కామెర్లనే చెప్తవు.

మీ కాక ఇయ్యాల ఇంటికొచ్చిండు, లోపల వంట చేస్తుండు. ఆనిని అడిగినంకనే చెప్తున్న, నా అంతట నేను కాదు. "చెప్పు అవ్వా, పిల్లకు తెల్వాలె. పేర్లు మాత్రం పెట్టకు" అన్నడు. అందుకే పేర్లు లెవ్వు.

మీ తాత పోయినప్పుడు మీ కాక చిన్నోడు. నేను ఒడిల చేట పెట్టుకొని బీడీలు చేస్తుంటే పక్కన కూసొని చూసేటోడు, చూసి చూసి నేర్చిండు. ఎల్లారెడ్డిల మా గల్లీల బీడీలంటే ఆడోళ్ల పని. మొగపోరడు చేట పట్టుకుంటే నవ్వుతరు. ఆనికి అది పట్టేది కాదు. ఆకు కత్తిరిస్తే అన్నీ ఒక్క తీరుగ ఉండేటివి. గోరుతోని మూతి మడిస్తే మిషను మీద కుట్టినట్టు ఉండేది. గల్లీ ఆడోళ్లంత ఆని చుట్టూ చేరేటోళ్లు, ఎందుకంటే ఆడు ఎవరత్త ఎట్ల నడుస్తదో నడిచి చూపిస్తడు. నవ్వలేక మేము తంబాకు ఒలకపోసుకునేటోళ్లం. పక్కింటామె ఆనిని ఎక్కిరిచ్చేది, "ఏంది, మా ఆడబిడ్డ ఇంక రాలే" అని. ఆడు తక్కువోడా, "వచ్చిన వదినె, నా ఆడబిడ్డ కట్నం ఏది" అనేటోడు.

బస్టాండ్ కాడి పోరగాండ్లు మాత్రం నవ్వుతాలకు అనలే. పాయింట్ ఫైవ్ అనేటోళ్లు, ఆడంగి అనేటోళ్లు. ఒకసారి అంగీ చింపి పంపిండ్రు. గోడకున్న మొలకు గుచ్చుకొని చినిగిందన్నడు. నేను నమ్మినట్టే కుట్టి ఇచ్చిన. కన్నతల్లికి ఎరుకుండదా? మీ కాక మనసు ఆడపిల్లల మీదికి పోదు, మొగోళ్ల మీదికే పోతది. ఆని పదో తరగతి కాడనే నాకు ఎరుక. ఎరుకుండి కూడ ఎరుక లేనట్టు ఉన్న. అది రాయి, కొట్టెయ్యకు.

సదాశివనగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల మంచిది. పెండ్లయితే అన్నీ అవే సర్దుకుంటయని నెల దినాలు ఆని ప్రాణం తిన్న. ఆ పిల్ల బతుకేం కావాలెనని ఒక్కనాడన్న అనుకోలే. దుబాయి పోయొచ్చినంక చేసుకుంట అన్నడు. దుబాయి మీద మోజు లేదు ఆనికి, నా నోటికెళ్లి తప్పించుకునేతందుకే పోతనన్నడు. మీ బాపు అప్పటికే ఆడ పని చేస్తుండె. ఒక ఏజెంటును పట్టుకుంటే హైదరాబాద్ తోలి మెడికల్ చేయించిండు. ఈడికెళ్లి గల్ఫ్ పోయే ప్రతి ఇంటికి ఎరుకే, రక్తం తీస్తరు, ఫిట్టో అన్‌ఫిట్టో ఒక్క ముక్కల చెప్తరు.

అన్‌ఫిట్ అన్నరు. నేనేమనుకున్ననంటే, పోరడు బక్కగున్నడు, రక్తం తక్కువుందనుకున్న. వారం దినాలు మేక కార్జం తెచ్చి మిరియాలేసి వండిపెట్టిన. కాయితం ఆని అంగీ జేబుల ఉంది, అండ్ల ఏముందో ఆనికి తెలుసు. తెలిసి కూడ నోరు మెదపకుండ, తల వంచుకొని, నేను పెట్టిన కార్జమంత తిన్నడు. గిసొంటి పిచ్చి తల్లిని నేను.

ఏజెంటు నోరు ఊకుంటదా. పాసుపోర్టులకని ఎల్లారెడ్డి వచ్చినప్పుడు చాయ్ హోటల్ల కూసొని చెప్పిండు. సవాయి రోగమని మా ముసలోళ్లు అంటరు, డాక్టర్లు సిఫిలిస్ అంటరు. ఒకరితోని ఒకరు పండుకుంటే వచ్చే రోగం. సిగ్గుపడకు, రాయి. పెండ్లి కావల్సిన పిల్లవు, నీకు కూడ తెలిసి ఉండాలె. ఆ చాయ్ చల్లారేలోపల మా గల్లీకి చేరింది ముచ్చట.

నేను ఆనిని ఒక ప్రైవేటు డాక్టరు తానికి తోలుకపోయిన. ఏ డాక్టరో అడగకు. ఆయన కాయితం చూసి, తలుపు తీసే ఉంది, బయట బల్ల మీద పది మంది ఉన్నరు, ఎవతి తాన పోయినవురా అని గట్టిగ అడిగిండు. మీ కాక ఏం చెప్పాలె? ఆడిదాని తాన అంటే అబద్ధం. మొగోని తాన అంటే ఆ పది మంది ఆనిని ఇంటిదాంక రానిస్తరా? చెప్పలే. చెప్పకపోతే ఆ డాక్టరుకు కోపమొచ్చి, పెండ్లి చెయ్యి అమ్మా, కుదురైతడు అని నాకు హితబోధ చేసి, బలానికని గోలీలు రాసిచ్చిండు. బలానికట. రోగమొకటి, మందొకటి. అంత చదివినాయన అట్ల చేస్తే నా అసొంటి వేలిముద్రది కార్జం వండుడు వింతనా?

మీ బాపు మంచోడే. గని ఆ దినం దుబాయి నుంచి ఫోన్ల ఏమన్నడో అది కూడ రాయి. ఇంట్ల చిన్నపిల్ల ఉంది, ఆని పళ్లెం, ఆని గిలాస పక్కకు పెట్టు అన్నడు. ఆ చిన్నపిల్లవు నువ్వే. నేను పెట్టిన. అంచు సొట్ట ఉన్న స్టీలు పళ్లెం ఒకటి ఏరి పక్కకు పెట్టిన. మీ కాక అరుగు మీద కూసొని తినేటోడు, తిని కడుక్కొని కిటికీల పెట్టుకునేటోడు. కాక ఎందుకు బయట తింటుండు బాపమ్మా అని నువ్వు అడిగినవు. కామెర్లు బిడ్డా, దగ్గరికి పోకు అన్న. నువ్వు రెండు దినాలు ఏడ్చినవు, ఆని మెడ మీద ఎక్కనియ్యలేదని.

ఆ నడుమనే ఒక పిల్లగాడు వచ్చిండు. భిక్నూర్ కాడ రోడ్డు మీది దాబాల రొట్టెలు చేస్తడు. మీ కాక దోస్తు. దోస్తంటే ఎట్లాంటి దోస్తో నేను చూడంగనే పట్టిన. నీ వల్లనే నా కొడుకు పాడైండు అని చీపిరి తీసుకున్న. "అవ్వా, ఒక్క మాట ఇను, ఒక్క మాట చెప్పి పోత" అనుకుంట వెనుకకు నడిచిండు. ఆ ఒక్క మాట నేను ఇనలే. గల్లీ మలుపు దాంక కొట్టుకుంట పోయిన. ఆడోళ్లంత చూసిండ్రు. మంచి పని చేసినవు అక్కా అన్నరు.

తర్వాత మూడు నెలలు. మీ కాక ఎవరింటికి పోకపోవుడు, ఎవరత్త నడకా నడవకపోవుడు. నిద్ర లేదు, తిండి లేదు. ఒక్క బీడీలు మాత్రం చేసేటోడు, గోడ దిక్కు తిరిగి కూసొని. ఇగ టేకేదార్, అంటే మాకు ఆకు, తంబాకు ఇచ్చి చేసిన బీడీలు తీసుకునేటోడు, ఒకనాడు నా కట్టలు వెనుకకు నూకిండు. మీ ఇంటి బీడీలు వద్దు, మనుషులు నోట్ల పెట్టుకునేటివి అన్నడు. నేను ఇంటికొచ్చి ఏం చెప్పలే. గని గల్లీల నోర్లకు తక్కువనా, ఆని చెవుల పడ్డది.

తెల్లారి లేచి చూస్తే ఆని బట్టలు మడత పెట్టి ఉన్నయి. వాటి మీద ఫోను, ఆధారు కార్డు, ఇంటి తాళంచెవి. చెప్పులు లెవ్వు, మనిషి లేడు. తల దువ్వుకోకుండ, కొంగు సక్కగ కప్పుకోకుండ ఉరికిన. బస్టాండ్‌ల సిమెంటు బల్ల మీద కూసొని ఉన్నడు. బస్సులు వస్తున్నయి, పోతున్నయి, ఆడు ఏదీ ఎక్కుత లేడు. పోయి పక్కన కూసున్న. చెయ్యి పట్టుకుంటే మంచు గడ్డ. తనంత తనే అన్నడు.

"అవ్వా, పళ్లెం పక్కకు పెడితే పెట్టినవు. నా చేతి బీడీలు కూడ వద్దన్నరట. ఇగ నేనుండి ఏం చెయ్యాలె."

బిడ్డా, ఆ మాట అనిపిచ్చుకున్న తల్లి ఇంక ఏ తిట్టుకు భయపడాలె? నేను మెల్లగ అడిగిన, ఆ దాబా పిల్లగాడు ఏం చెప్పనీకె వచ్చిండురా అని.

"ఒక్క సూదితోని పోతదని చెప్పనీకె వచ్చిండు. తను వేయించుకున్నడట. కామారెడ్డిల పైసలు తీసుకోరట, ఏం అడగరట."

రాసినవా? మల్లొకసారి రాయి. ఒక్క సూది. నా కొడుకు ప్రాణం నా గడపలకొచ్చి నిలబడితే నేను చీపిరితోని ఎల్లగొట్టిన. ఏజెంటును తిడుత, డాక్టరును తిడుత, టేకేదార్‌ను తిడుత, గని ఆ వరుసల నేను కూడ నిలబడాలె.

ఎదురుంగ కామారెడ్డి బస్సు ఉంది. నడువు అన్న. పరగడుపుననే ఎక్కినం. ఆ పిల్లగానికి కండక్టరు ఫోన్ నుంచి చెప్తే మాకంటే ముందే వచ్చి దవఖాన గేటు కాడ నిలబడ్డడు, నా చేతుల దిక్కు చూసుకుంట. చీపిరి తెచ్చిననో ఏమో అని.

లోపల డాక్టరమ్మ వయసు చిన్నది. తలుపు మూసింది. ఎవరితోని అని అడిగితే మీ కాక మల్ల నేల చూసిండు. నేను చెప్పిన, "ఆడోళ్లు కాదు మేడం, మొగోళ్లు. రాసుకోండ్రి." ఆమె రాసుకున్నది. నేను బువ్వ తిన్న అన్నా అట్లనే రాసుకుంటదేమో. ఆ దోస్తుకు మందు పడ్డదా, ఇంకెవరికన్న చెప్పాల్సింది ఉందా అని అడిగింది, మిగిలిన పరీక్షలకు రక్తం తీయించింది. పళ్లెంతోని గిలాసతోని ఈ రోగం రాదమ్మా, బీడీతోని అసలే రాదు అన్నది. రెండు పిర్రలకు రెండు సూదులు గుచ్చిండ్రు. అదే మందు, రెండు దిక్కుల. కుంటుకుంట బయటికొచ్చిండు మీ కాక. అయిపోయింది. దీని కోసం నాలుగు నెలలు నా కొడుకును బతికుండంగనే పాడె మీద పెట్టిండ్రు అందరు కలిసి.

బస్టాండ్ ముచ్చట కూడ నేనే చెప్పిన ఆమెకు. అదే దవఖానల మనసుకు చూసే డాక్టరు తానికి తోలింది. పిచ్చి డాక్టరు అన్నరు గల్లీల. అననియ్యి. నెలకొకసారి పోయి, కూసొని మాట్లాడి, గోలీలు తెచ్చుకునేటోడు. ఏం మాట్లాడుతవురా అంత సేపు అంటే "అన్ని నీ మీద చాడీలే అవ్వా" అన్నడు. నవ్విండు. ఎన్ని నెలలకు నవ్విండో.

సూది పడ్డ రెండో దినం ఆనితోనే బీడీలు చేయించిన. చేట తీసుకొని టేకేదార్ ఇంటి ముందల నిలబడ్డ, గల్లీ ఆడోళ్లంత ఉన్నప్పుడే. నేను పుట్టినసంది బీడీ నోట్ల పెట్టలే. నా కొడుకు చేసిందొకటి తీసి, అగ్గిపెట్టె ఇయ్యి అని ఆయననే అడిగి అంటించుకున్న. దగ్గు, దగ్గు, కండ్లకెళ్లి నీళ్లు. పక్కింటామె పక్కున నవ్వింది. నవ్వి, చెయ్యి జాపింది, "నాకొకటి ఇయ్యి అక్కా, మా ఆడబిడ్డ చేతిది" అని. టేకేదార్ తీసుకున్నడు. తీసుకొని వేరే గంపల ఏసిండు. నేను చూసిన. అది కూడ రాయి, అందరు మారిండ్రని రాయకు.

దుబాయి మాత్రం పోలే. రోగం పోయినా రక్తంల ఆ గుర్తు ఉండిపోతదట, మల్ల పరీక్ష చేస్తే మల్ల అన్‌ఫిట్టే. మానిన పుండును చూసి రోగమనే లోకం ఇది. పోకపోతే పాయె. కామారెడ్డిల ఇద్దరు కలిసి రొట్టెల కొట్టు పెట్టుకున్నరు. వందల మంది ఆ చేతి రొట్టెలు తింటున్నరు. మీ మేనత్త కూడ, పార్సిల్ తీసుకపోతది. నీ పెండ్లిల మాత్రం ఆ చెయ్యి గంటె పట్టొద్దట.

ఇగ ఆ పళ్లెం. సొట్టది. నేను పారెయ్యలే. కామారెడ్డికెళ్లి వచ్చిన దినమే నా పళ్లెం ఆనికి పెట్టి, ఆనిది నేను తీసుకున్న, ఇప్పటికీ దాంట్లనే తింటున్న. మీ బాపు దుబాయి నుంచి వచ్చినప్పుడు చూసి కొత్తది కొంట అన్నడు. వద్దన్న. ఎందుకని ఆడు అడగలే, నేను చెప్పలే. ఇప్పుడు ఇది చదివి ఇనిపియ్యి.

నీ పెండ్లిల ఎవరేడ నిలబడాలెనో నేను చెప్తున్న, ఇది పెద్ద అక్షరాలతోని రాయి. మొదటి బంతిల మీ మేనత్తను కూసోపెట్టాలె, ఆమె ఇస్తారి ముందట మీ కాక

"అవ్వా, రొట్టెలు చల్లారుతున్నయి. నీ సొట్ట పళ్లెంల పెట్టిన, రా. పిల్లను కూడ తోలుకరా."

వస్తున్న కొడుకా, వస్తున్న. నువ్వు రాయి, లేవకు. మీ కాక గంటె పట్టుకొని, ముందుగాల ఆమెకే వడ్డించి, ఆమె తినేదాంక ఆ గంటె కింద పెట్టొద్దు.