అద్దాలక్క బండి బేరం

అద్దాలక్క కారు ఆగిపోవడంలో ఒక పద్ధతి ఉండేది. ఖాళీగా వెళ్తే గుర్రంలా పరిగెత్తేది. వెనక సీటు మీద గోనెపట్టా పరిచి, గాజు పలకలు నిలబెట్టి, "నెమ్మదిగా పదవే తల్లీ" అని బతిమాలితే మాత్రం, సరిగ్గా నాలుగు రోడ్ల కూడలి నడిమధ్యలో ఒక్క దగ్గు దగ్గి నిలబడిపోయేది. ట్రాఫిక్ పోలీసు మొదట్లో ఈల వేసేవాడు, తర్వాత తిట్టేవాడు, ఆఖరికి కుర్చీ తెచ్చి వేసేవాడు. ఆ కారుని తోసి తోసి భుజాలు పెంచినవాళ్ళలో ఇద్దరు కుస్తీ పోటీలకు కూడా వెళ్ళారని కూడలిలో చెప్పుకుంటారు. అక్క కాదనదు. మూడో వాడు కూడా ఉన్నాడని ఆమె లెక్క.

ఆమె పని కిటికీలకు అద్దాలు కోసి బిగించడం. నాన్న దగ్గర నేర్చుకుంది. దుకాణమూ, కారూ ఆయనవే. ఆయన పోయాక దుకాణం ఈమె చేతికి వచ్చింది. కారు కూడా ఈమెకే వచ్చింది గాని, దాని బానెట్ కింది భాగమంతా అన్నయ్యకు వచ్చిందనుకోవాలి. అన్నయ్య మెకానిక్కు. రెండు వీధుల అవతల షెడ్డు. పంతొమ్మిదేళ్ళుగా ఆ కారుని బాగు చేస్తూనే ఉన్నాడు. బాగు చేసిన ప్రతిసారీ చేతులు తుడుచుకుంటూ, "ఇక చూసుకో, నీ మనవల పెళ్ళిళ్ళ దాకా ఢోకా లేదు" అనేవాడు. ఆ మనవలు పుట్టడం, పెరగడం, పెళ్ళిళ్ళు చేసుకోవడం అన్నీ రెండు వారాల్లో కానిచ్చేసేవారేమో, మూడో వారం కారు మళ్ళీ షెడ్డులో ఉండేది.

అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటుంటే వీధిలోవాళ్ళు కిటికీలు ధడాలున వేసుకునేవారు. అలా పగిలిన అద్దాలతోనే ఆమె బేరం సగం నడుస్తోందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టనివాళ్ళలో మొదటివాడు అన్నయ్యే.

ఆ ఏడు వడగళ్ళ వాన పడింది. ఊళ్ళో పెద్ద బడికి ఒక వైపు కిటికీలన్నీ పోయాయి. నలభై పలకలు కావాలి. సోమవారం నాడు మొదటి విడతగా ఎనిమిది పలకలు ఎక్కించుకుని బయలుదేరింది అక్క. కూడలిలో కారు దగ్గింది. ఈసారి ఊరికే ఆగకుండా, ఆగే ముందు ఒక్క ఎగురు ఎగిరింది. ఎనిమిదిలో ఆరు పలకలు గోనెపట్టా మీదే ముక్కలయ్యాయి.

మిగిలిన రెండూ చెరో చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళింది. బడి హెడ్ మేడమ్ వాటిని చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"రెండేనా?"

"కారు ఆగిపోయింది మేడమ్."

"మీ కారు ఆగనిదెప్పుడమ్మా? శుక్రవారం పరీక్షలు. గురువారం పొద్దున ఎనిమిదింటికి నలభై పలకలూ నా వరండాలో ఉండాలి. ఒక్కటి తక్కువైనా ఈ పని వేరేవాళ్ళకిస్తాను. ఇదే కాదు, ఇక మీదట ఈ బడి గేటు లోపలికి మీరు రానక్కర్లేదు."

బడికీ హాస్టలుకీ కలిపి మూడు వందల కిటికీలు. లోపల పిల్లలున్నారు కాబట్టి అద్దాలు ఏడాది పొడుగునా పగులుతూనే ఉంటాయి. ఆ గేటు మూసుకుంటే దుకాణమూ మూసుకున్నట్టే. అక్క తిన్నగా షెడ్డుకి వెళ్ళింది.

"రేపు వేరే బండి కొంటున్నాను. నీ చేతి చలవ ఇంక చాలు."

అన్నయ్య ఎవరిదో కారు కింద పడుకుని ఉన్నాడు. తల మాత్రం బయటికి వచ్చింది. "కారుది తప్పా? నలుగురు కూర్చునే కారులో గాజు కొట్టు పెట్టిందెవరే? స్ప్రింగులు ఏడుస్తున్నాయి. నేను బాగు చేస్తున్నదీ నువ్వు పాడు చేస్తున్నదీ ఒకే కారు."

"పంతొమ్మిదేళ్ళు పట్టిందా ఆ మాట చెప్పడానికి?"

"పంతొమ్మిదేళ్ళుగా చెప్తున్నాను. నీ నోరు ఆగితేగా, నా మాట నీకు వినబడడానికి!"

"నేను కొనే బండి దగ్గరికి నువ్వు రావద్దు."

"పిలిచినా రాను పో."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి, పాత బళ్ళు అమ్మే చోట గేటు దగ్గర అన్నయ్య స్కూటరుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తను ఇటుగా పోతూ ఆగానన్నాడు. ఆ రోడ్డు అక్కడితో ఆఖరు. అవతల గోడ తప్ప ఏమీ లేదు.

అక్కడ అమ్మే మనిషి గళ్ళచొక్కా తొడుక్కుని, దేన్ని చూసినా జాలిపడే మొహం పెట్టుకుని ఉన్నాడు. అక్క పాత కారుని చివరి ఫర్లాంగు తోయించుకుంటూ రావడం చూశాడు కాబట్టి ఆ మొహం ఇంకాస్త జాలిగా అయింది.

"ఏ బండి ఇచ్చినా మీకు విమానంలా ఉంటుందక్కా" అన్నాడు.

"విమానం వద్దు. నేల మీద నడిచేది చూపించు."

రెండు వ్యాన్లున్నాయి. ఒకటి బూడిద రంగుది. సొట్టలు, గీతలు, తుడిచి ఏళ్ళయిన సీట్లు. ఇంకోటి మీగడ రంగుది. దాన్ని చూస్తే అప్పుడే స్నానం చేసి తల దువ్వుకుని వచ్చినట్టుంది.

అక్క బండ్లని ఇంజను వైపు నుంచి చూడదు. ఆమెకి తెలిసిన దారి ఒకటే. బండికి ఉన్న ప్రతి అద్దం మూలలోనూ వేలిగోరంత ముద్ర ఉంటుంది. ఆ అద్దం ఏ ఏడు తయారైందో అందులో ఉంటుంది. అన్నీ ఒకే ఏటివి అయితే బండి దెబ్బ తినలేదు. ఒకటి మాత్రం వేరే ఏటిదైతే, ఆ వైపు ఎవరో గుద్దారు. నాన్న నేర్పిన విద్య ఇది. దీనితో ఆమె తోడికోడలి కారునీ, పక్కింటివాళ్ళ జీపునీ, ఒకసారి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ కారునీ కూడా బట్టబయలు చేసింది. ఆ సంబంధం తప్పిపోయింది గాని, ఆమె మాట తప్పలేదు.

బూడిద వ్యాను చుట్టూ తిరిగింది. ఐదు అద్దాలు ఒక ఏటివి. వెనకది మూడేళ్ళు చిన్నది.

"వెనక నుంచి గుద్దించుకుంది. వద్దు."

"గుద్దలేదక్కా. నిచ్చెన తగిలి అద్దం ఒక్కటే పోయింది" అన్నాడు గళ్ళచొక్కా.

"నిచ్చెన దానంతట అది నడిచొచ్చి తగిలిందా?"

ఈలోగా అన్నయ్య వ్యాను కింద దూరి, బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. "కింది చట్రం తిన్నగా ఉంది. మొహం బాగోలేదంతే. ఇది తీసుకో."

"నిన్నెవరడిగారు?"

ఆమె మీగడ వ్యాను దగ్గరికి వెళ్ళింది. ముందుది, వెనకది, పక్కల నాలుగు. వంగి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, ఒక్కొక్క ముద్రే చదివింది. ఆరూ ఒకే ఏటివి. ఒకే కంపెనీవి. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఆరుకి ఆరూ పుట్టినప్పటి అద్దాలు. దీని మీద ఈగ కూడా వాలలేదు. ఇదే ఖాయం."

గళ్ళచొక్కా ఏదో అనబోయి, అద్దాల వైపు చూసి, మానుకున్నాడు. అన్నయ్య దాని కింద కూడా దూరాడు. ఈసారి లోపల చాలాసేపు ఉన్నాడు. పైకి వచ్చాక గొంతు తగ్గింది.

"వద్దే. ఛాసిస్ మీద కొత్త వెల్డింగు ఉంది. కనబడకుండా పైన నల్ల రంగు పూశారు. ఇది మెలి తిరిగిన బండి."

"నా కారు కింద పంతొమ్మిదేళ్ళు పడుకున్నావు. ఏం కనిపెట్టావు? ఇప్పుడు రెండు నిమిషాలు పడుకుని దీని జాతకం చెప్తావా? నేను మంచి బండి కొంటే నీ షెడ్డుకి ఎవరొస్తారని నీ బాధ."

"నీ కారు లేకపోతే నా షెడ్డులో ఎండ పడుతుంది. ఇన్నాళ్ళకి ఒళ్ళు కాచుకుంటాను."

"అయితే కాచుకో పో."

ఆమె నెగ్గినట్టే. అయినా గాజు పని చేసే మనిషి గాజుతో చూడకుండా బండి కొనదు. పరీక్షకని పాత కారులో వేసుకొచ్చిన రెండు పలకల్లో ఒకటి తెచ్చింది. కర్ర చట్రంలో బిగించి, ఆ చట్రాన్ని వ్యాను లోపలి కొక్కేలకి నాలుగు మూలలా గట్టిగా కట్టింది. ఆ ఆవరణలోనే వెనక వైపు దారి తవ్వేసి ఉంది. ఒక చక్రం గుంటలో, ఒక చక్రం గుట్ట మీద పడేలా ఆ దారిన నడపాలని ఆమె పథకం. అన్నయ్య పిలవకుండానే వెనక ఎక్కి కూర్చున్నాడు. గళ్ళచొక్కా ముందు కూర్చుని, "గాజుకీ బండికీ ఏం సంబంధమక్కా" అని అడుగుతూనే ఉన్నాడు.

మొదటి గుంటకి ఏమీ కాలేదు. రెండో గుంట దగ్గర వెనక 'టిక్' మంది. పెద్ద చప్పుడేం కాదు. ఎండిన పుల్ల విరిచినట్టుంది. ఆమె బ్రేకు తొక్కింది.

"ముట్టుకున్నావు కదూ!"

"దేవుడి మీద ఒట్టు. చేతులు తొడల కింద పెట్టుకున్నాను, నువ్వు ఈ మాట అంటావనే!" అన్నాడు అన్నయ్య.

"గాజు కదక్కా. పగలడం దాని నైజం" అన్నాడు గళ్ళచొక్కా.

ఆమె దిగి, వెనక తలుపు తీసి, పలక ముందు నిలబడింది. రాయి తగిలి పగిలితే గాజు చుక్కలా చిట్లుతుంది. కింద పడితే అంచు దగ్గర చెక్కు లేస్తుంది. ఇది అలా పగల్లేదు. పై మూల నుంచి ఎదుటి కింది మూలకి, స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత. అలా పగిలిందంటే ఎవరో చట్రాన్ని బట్ట పిండినట్టు పిండారన్నమాట. పిండింది వ్యాను.

ఆమె నెమ్మదిగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు సందులో చిన్న రేకు ఉంటుంది. బండి పుట్టిన ఏడు దాని మీద ఉంటుంది. చదివింది. అద్దాల ముద్ర చూసింది. మళ్ళీ రేకు చదివింది. అద్దాలు బండి కన్నా రెండేళ్ళు చిన్నవి. అంటే ఆరూ ఒకేసారి పగిలిపోతే, ఆరూ ఒకేసారి మార్చారు. ఆరూ ఒకదానికొకటి సరిపోయాయో లేదో చూసింది గాని, బండికి సరిపోయాయో లేదో చూడలేదు. గాజు తప్ప ఇంకేదీ చూడని మనిషే చేయగల పొరపాటది.

"పల్టీ కొట్టిందా?" అంది.

గళ్ళచొక్కా తన బూట్లు చూసుకున్నాడు. "మా దగ్గరికి వచ్చేసరికి నాలుగు చక్రాల మీదే ఉందక్కా."

అన్నయ్య చేతులు కట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి పుండు మీద కారంలా ఉంది. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో ఆమె ఆ మీగడ వ్యానునే కొనేద్దామనుకుంది. నలభై పలకలూ పగిలితే పగిలాయి, బడి పోతే పోయింది, ఆ మొహం మీది నవ్వు చూడక్కర్లేదు. చివరికి హెడ్ మేడమ్ కళ్ళజోడు తుడుచుకోవడం గుర్తొచ్చింది.

"ఆ బూడిదది తియ్యి" అంది గళ్ళచొక్కాతో.

రెండో పలక అందులో కట్టింది. అవే గుంటలు, అవే గుట్టలు. వ్యాను మూలిగింది, కీచుమంది, సీటు ఒకటి ఊడి అన్నయ్య వెల్లకిలా పడ్డాడు. పలక మాత్రం చలించలేదు. ఆమె కావాలనే ఇంకో రెండు గుంటల్లోకి పోనిచ్చింది. అవి పలక కోసం కాదు, అన్నయ్య కోసం.

సంతకాలయ్యాక అన్నయ్య అడిగాడు. "ఇప్పుడు చెప్పు. ఎవరి మాట నిజం?"

"నీదే."

"వినబడలేదు."

"నీ షెడ్డులో సుత్తుల మోతకి చెవులు పోయాయి. దానికి నేనేం చెయ్యను?"

బుధవారం అంతా ఆమె పలకలు కోసింది. గురువారం ఏడున్నరకి నలభై పలకలూ వ్యానులో నిలువుగా సర్ది, కూడలి మీదుగా తీసుకెళ్ళింది. ట్రాఫిక్ పోలీసు అలవాటు కొద్దీ కుర్చీ పట్టుకుని లేచాడు. వ్యాను ఆగకుండా వెళ్ళిపోయేసరికి ఆ కుర్చీలో తనే కూలబడ్డాడు. వెనక ఇరవై గజాల దూరంలో అన్నయ్య స్కూటర్. దారి పొడుగునా అద్దంలో కనిపిస్తూనే ఉన్నాడు.

దించేటప్పుడు సాయానికి రాలేదు. వరండా మెట్టు మీద నిలబడి, ఒక్కొక్క పలకకీ వేలు మడిచి లెక్కపెట్టాడు. నలభయ్యో పలక గోడకి ఆనేసరికి ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. హెడ్ మేడమ్ గడియారం చూసింది, పలకలు చూసింది, గేటు దగ్గర వ్యానుని చూసింది.

"పైకి మొహం బాగోలేదు గాని గట్టి బండే తెచ్చారమ్మా. వేసవిలో హాస్టలు కిటికీలు కూడా మీరే చూడండి. ఇంతకీ ఎవరు ఎంచి పెట్టారు దీన్ని?"

అక్క అప్పటికి తరగతి గది లోపల ఉంది, మొదటి కిటికీ దగ్గర. అన్నయ్య అవతల వరండాలో, అదే కిటికీకి ఎదురుగా ఉన్నాడు. మధ్యలో ఖాళీ చట్రం. రెండు మూరల దూరం కూడా లేదు. అతను చొక్కా సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"నేనే మేడమ్" అంది అక్క. "అద్దాలు చూస్తే బండి చరిత్రంతా చెప్పేస్తాను. మా నాన్న నేర్పిన విద్య."

"ఏమన్నావే?" అన్నాడు అన్నయ్య.

ఆమె మొదటి పలక ఎత్తి, ఆ చట్రంలో పెట్టి, నాలుగు వైపులా చిన్న మేకులు కొట్టింది. లప్పం ముద్ద తీసి బొటనవేలితో అంచుల వెంట నొక్కుతూ వచ్చింది. గాజు అవతల అన్నయ్య నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, చేతులు గాల్లో తిరుగుతున్నాయి. మంచి గాజు, మందమైనది. ఆమె ఇంకో ముద్ద లప్పం తీసుకుంది.