మామ్మ పొగాక్కి చింత బుగ్గి

మా మామ్మ బిలాస్‌పూర్ వచ్చినప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక పొగాకు కట్ట, మూత బిగించిన ఒక నెయ్యి డబ్బా తెచ్చుకుంది. డబ్బాలో నెయ్యి లేదు. చింత బెరడు కాల్చి, గుడ్డలో జల్లించిన బూడిద ఉంది. బూడిదని మా వైపు బుగ్గి అంటారు. అది కలపకపోతే పొగాకైనా గడ్డైనా ఆమెకు ఒకటే.

అందరూ పొగాకులో సున్నం కలుపుకుంటారు కదా, ఈమెకెందుకీ బుగ్గి? మా ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళలాగే మామ్మ కూడా ఒకప్పుడు అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అంగిలి పుండుపడి, చుట్ట మాని నమలడానికి మారింది. సున్నం తగిలితే ఆ పాత చోటు భగ్గుమనేది. బుగ్గి మెత్తన. ఈ విషయం నేను శాస్త్రీయంగా చెప్పగలను. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి. పొగాకులో సారం ఆమ్లంతో కట్టుబడి ఉంటుంది, క్షారం తగిలితే విడివడుతుంది. సున్నమూ క్షారమే, బూడిదా క్షారమే, ఘాటులోనే తేడా. నేను పారిశ్రామిక పాఠశాలలో చదివి, లోకో షెడ్డులో బాయిలరు నీళ్ళు పరీక్షించే అప్రెంటిస్‌గా అప్పుడే చేరాను. జేబులో ఎప్పుడూ లిట్మస్ కాగితాలుండేవి. ఇంట్లో చారు, మజ్జిగ, కుంకుడు రసం అన్నీ వాటి కింద పడ్డాయి. ఒకసారి నాన్న చెమట కూడా. ఆ సాయంత్రం నుంచి నాన్న తన తువ్వాలు దాచుకున్నాడు.

మామ్మ వచ్చింది అక్క తొలి కాన్పు కోసం. మాకు అమ్మ లేదు. నాన్న గూడ్సు గార్డు, ఇంట్లో కంటే లైను మీదే ఎక్కువ. క్వార్టర్లో మిగిలింది నేను. కాన్పు విషయంలో నా పరిజ్ఞానం ఎంతో చెప్పనక్కర్లేదు. అందుకే నెయ్యి డబ్బా అడుగు కనబడిన రోజున అందరికీ భయం పట్టుకుంది.

"ఒరే, నా వల్ల కాదు. మీ నాన్నకి చెప్పి పాసు రాయించీ. నేనెల్లిపోతాను."

"అక్క సంగతేటి మామ్మా?"

"బుగ్గి లేక నాకే బుర్ర తిరిగిపోతంది. దానికి నేనేటి చేస్తాను?"

అక్క వినీ విననట్టు వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

నేను రంగంలోకి దిగాను. మొదట ఇంటి పొయ్యి బూడిద పట్టాను. రైల్వే కాలనీలో అందరిదీ బొగ్గు పొయ్యి. బొగ్గు బూడిదని నానబెట్టి, వడగట్టి పరీక్షిస్తే ఎర్ర కాగితం ఎర్రగానే ఉంది. పనికిరాదని కాగితం చెప్పినా, మెత్తగా ఉంది కదా అని మామ్మకిచ్చాను. ఆమె వాకిట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

"ఇది బుగ్గి కాదురా. ఇంజిను పెంట."

వేరే కట్టె బూడిద మామ్మ ముట్టదు, ఇక చింత బెరడే కావాలి. కాలనీలో చింతచెట్లు లేక కాదు. అవి రైల్వే వారి చెట్లు, బెరడు గీకితే నా అప్రెంటిస్ పని పోతుంది. ఇంటింటికీ కట్టెలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఒకరు పొద్దున్నే వచ్చేది. నీళ్ళు కాచుకోవడానికి ఆమె దగ్గర కట్టెలు కొనేవాళ్ళం. అక్క కోసం మాట్లాడుకున్న మంత్రసాని ఆమెకు అత్తగారే. బుగ్గి ఆమెనే అడుగుదామనుకున్నాను.

నా హిందీ అప్పటికి కొన్ని నెలల వయసుది. దానికి నేనే ఒక సూత్రం కనిపెట్టాను: తెలుగు మాట సంస్కృతంలా వినిపిస్తే, చివర సాగదీస్తే హిందీ అయిపోతుంది. ఆశ, ఆశా. భాష, భాషా. సూత్రం ఎక్కడా తప్పలేదు కాబట్టి చింతచెట్టు 'చింతా' అయి తీరాలి. పైగా ఆ వారం నాకు జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మాట మధ్యలో సున్న పలకలేదు. సున్నం వద్దనుకున్న ఇంట్లో సున్న కూడా పోయింది.

"చితా కీ రాఖ్ చాహియే" అన్నాను, చింత బూడిద కావాలని నా ఉద్దేశం.

ఆమె మోపు దించుతూ సగంలో ఆగింది. మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే, ఇంకాస్త గట్టిగా అన్నాను.

వస్తువు నాణ్యత చెప్పకుండా కొనడం నాకు చేతకాదు. అందుకని వరసగా చెప్పాను. పూర్తిగా కాలి తెల్లబడాలి. నల్ల ముక్కలు ఉండకూడదు. తడి తగలకూడదు. ముదురు చెట్టు బెరడులో క్షారం ఎక్కువ కాబట్టి "బుడ్ఢా హో తో బహుత్ అచ్ఛా" అన్నాను. ముసలిదైతే మరీ మంచిదని నా భావం. ఎవరికని ఆమె మెల్లగా అడిగింది. అరుగు మీద కూర్చున్న మామ్మని చూపించి, "యే బుఢియా ఖాతీ హై" అన్నాను, ఈ ముసలావిడ తింటుందని. మామ్మ తన గురించి మంచేదో చెబుతున్నాననుకుని, పొగాకుతో నల్లబడిన పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

ఆమె మోపు అక్కడే వదిలేసి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఎంత శ్రద్ధో అనుకున్నాను.

మర్నాడు కట్టెలు రాలేదు. పాలవాడు చెంబు గేటు బయటే పెట్టి వెళ్ళాడు. కొళాయి దగ్గర మామ్మ బిందె పెట్టగానే మిగతా ఆడవాళ్ళు తమ బిందెలు తీసేసుకున్నారు. "మర్యాదస్తులురా వీళ్ళు, పెద్దదాన్నని ముందు నాకే ఇచ్చేస్తన్నారు" అంది మామ్మ. ఆ తర్వాత మంత్రసాని కాన్పుకు రానని కబురంపింది. అక్కకి నెలలు నిండి ఉన్నాయి.

నాన్న డ్యూటీ దిగి, దారిలోనే అంతా విని వచ్చాడు.

"ఒరే, ఆ కట్టెలావిడతో ఏటన్నావు నువ్వు?"

నాణ్యత నిబంధనలతో సహా అప్పజెప్పాను. నాన్న డ్యూటీకి తీసుకెళ్ళే తన లైను పెట్టె మీద కూలబడ్డాడు.

"చింతని ఇక్కడ ఇమ్లీ అంటార్రా. చితా అంటే ఏటో తెలుసా? నువ్వడిగింది కాటి బూడిద. అదీ ముసలి శవానిదైతే మా అమ్మ మరీ ఇష్టంగా తింటాదని చెప్పావు. ఊరంతా ఈవిడని టోన్హీ అంటన్నారు."

టోన్హీ అంటే మంత్రగత్తె. ఆ మాట ఇక్కడ నవ్వులాట కాదు. మామ్మకి నాన్న విడమరిచి చెప్పాడు. ఇక పాసు అడుగుతుందనే అనుకున్నాం. ఆమె అక్క వైపు చూసింది. అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది, పాదాలు వాచి ఉన్నాయి.

"మంత్రసాని రాకపోతే దీన్నెవరు చూస్తారు? నడు" అని, వంటింటి జాడీలోంచి చింతపండు ముద్ద తీసుకుని నా ముందు నడిచింది.

మంత్రసాని ఇంటి తలుపు మూసి ఉంది. నేను వాకిట్లో నిలబడి "ఇమ్లీ! ఇమ్లీ!" అని కేకలు పెట్టాను. పిల్లలు పోగయ్యారు. అమ్మకానికి వచ్చాననుకుని ఒకడు దోసిలి పట్టాడు. మామ్మ గడప మీద ముద్ద పెట్టి, అందులోంచి కొంచెం తుంచి తనే తింది. తలుపు తెరుచుకుంది. మంత్రసాని కూడా ముసలిదే. చేతిలో చీపురు ఉంది. ఆ ఇంటి పక్కనే చింతచెట్టు కనబడితే, వెళ్ళి మానుని కావలించుకుని "ఇస్కీ రాఖ్" అన్నాను, దీని బూడిదని.

"ఔర్ బుడ్ఢా?" అంది ఆమె అనుమానంగా.

"బుడ్ఢా పేడ్!" అన్నాను, ముసలిది చెట్టని.

ముందు నవ్వింది అత్తగారి వెనక నిలబడ్డ కట్టెలావిడ. నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. మంత్రసాని నవ్వలేదు. లోపలికి వెళ్ళి, చింతకట్టె కాల్చిన తన పొయ్యి బూడిద పిడికెడు తెచ్చి మామ్మ అరచేతిలో పోసింది. తినమని సైగ చేసింది. మామ్మ కొంగున ఉన్న పొగాకు తీసి, బుగ్గి వేసి, బొటనవేలితో నలిపి, చప్పుడయ్యేలా తట్టింది. నేను అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెడితే ఆ చేతి మీద ఒకటి వేసింది. నలిపినదాన్ని రెండు పాళ్ళు చేసి ఒకటి మంత్రసానికిచ్చింది. ఇద్దరూ పెదవి కింద పెట్టుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. ఆ ఇబ్బంది ఉన్నట్టు వాళ్ళ మొహాల్లో కనబడలేదు.

చివరికి మంత్రసాని వస్తానంది. షరతు ఒకటే: ఈ బాబు మాత్రం నోరు తెరవకూడదు. ఆమె ఛత్తీస్‌గఢీ నాకు సగమే తెలిసేది, ఆ ముక్క మాత్రం పూర్తిగా తెలిసింది.

అక్కకి నొప్పులు వచ్చిన రోజు నన్ను పెరట్లో బొగ్గు కుప్ప దగ్గర కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటాక ముసలివాళ్ళిద్దరూ బయటికొచ్చారు. ఇద్దరి బుగ్గలూ నిండుగా ఉన్నాయి. నేను లేచి నిలబడ్డాను. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నిదానంగా ఉమ్మి, మూతి తుడుచుకునేదాకా నేను ఆగాల్సి వచ్చింది.

"ఆడపిల్లరా" అంది మామ్మ. "మీ అక్క నిద్దరోతంది. బకెట్లట్టుకెల్లి నీళ్ళు తే. ఈ చంటిదాన్ని వదిలి ఇప్పట్లో నేనెక్కడికీ ఎల్లను."

కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టి, ఎవరు పుట్టారని హిందీలో అడిగారు. నోరు తెరిచాను, ఒక్క క్షణం ఆలోచించాను.

"ఆడపిల్ల" అని తెలుగులోనే చెప్పాను.

వాళ్ళు నవ్వి, బిందెలు జరిపి నా బకెట్లకు చోటిచ్చారు.