కొబ్బరి చిప్ప కింద నిమ్మకాయ

నిన్న పొద్దున రాయదుర్గం మెట్రో దిగి మా ఆఫీసు గాజు మేడ వైపు నడుస్తుంటే, సన్నగా పులిహోర వాసన వేసింది. ఆ దారి వాసనలన్నీ నాకు కంఠతా వచ్చు: మాడిన కాఫీ గింజలు, తడి సిమెంటు, లిఫ్టులో ఒకేసారి ఎక్కిన సెంటు సీసాలన్నీ కలిసి పెట్టే తలనొప్పి. పులిహోర మాత్రం అక్కడ పుట్టే వాసన కాదు. ముక్కు లాక్కెళ్లిన చోటికి వెళ్లి చూస్తే, జనరేటర్ గది గోడకి పసుపు రాసిన నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దండ గుచ్చి వేలాడదీసి ఉన్నాయి. పిడుగు పడితే నేలలోకి దింపే రాగి పట్టీ ఒకటి ఆ గోడ మీద అల్యూమినియం రేకును కలుస్తోంది. నిమ్మకాయ సరిగ్గా ఆ అతుకు మీదే రసం కారుస్తోంది. ఇంకొకరైతే దండం పెట్టుకుని పోయేవారు. నేను మాత్రం అక్కడే ఆగి ఆ అతుకును వంగి చూశాను. ఎందుకంటే, సరిగ్గా ఇలాంటి నిమ్మకాయే ఒకప్పుడు నా బాల్యాన్ని మూటగట్టి బండెక్కించబోయి, వెంట్రుకవాసిలో వదిలేసింది.

ఇక్కడికి కూతవేటు దూరంలోనే, ఖాజాగూడలో, మల్లయ్య పటేల్ ఇంటి మేడ మీద మేము కిరాయికుండేవాళ్లం. నాన్న భీమవరం నుంచి ఉద్యోగం మీద వచ్చిన గుమాస్తా. అప్పుడు ఈ గాజు మేడల జాడ లేదు. మేడలకు బదులు గుట్టలుండేవి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద అప్పడం పెడితే కాలిపోతుందని మేము ఒట్టు వేసి చెప్పుకునేవాళ్లం. పెట్టి చూడమంటే మాత్రం అప్పడం అమ్మ లెక్కలో ఉందని తప్పుకునేవాళ్లం. వాన మొదలైతే చెరువు మీంచి వచ్చే గాలిలో తడి మట్టీ బర్రెలూ కలిసిన వాసన, ఆ వెనకే మక్క కంకులు కాల్చే పొగ, ఇంకాస్త చలి ముదిరితే గుట్టల సందుల్లో సీతాఫలాలు. కళ్లు విచ్చిన కాయలను మేము కోసుకొచ్చి బియ్యం డబ్బాలో దాచేవాళ్లం. అవి పండాయని డబ్బా మూత తీయకుండానే ఎలకలు మాకంటే ముందు కనిపెట్టేవి. కింద పటేల్ భార్య సత్తెమ్మ పెద్దమ్మ మక్క గారెలు వేస్తే, ఆ నూనె వాసనకు నేను మెట్ల మీద నుంచి కాదు, దాదాపు మెట్ల పక్క నుంచే గాల్లో దిగేదాన్ని.

మేడ మీద మాకు ఒకటిన్నర గది. ఒక గదిలో మేము ఉండేవాళ్లం, అరగదిలో నాన్న రేడియో ఉండేది. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, రేడియోను సొంతంగా కట్టుకుని, గాలిలో దొరికిన మనిషితో కబుర్లాడే సరదా ఒకటుంది. నాన్నకు అది సరదా కాదు, రెండో సంసారం. ఆఫీసులో రోజంతా ‘సరేనండి’ తప్ప మరో మాట పలకని ఆ మనిషి, సాయంత్రం మైకు ముందు కూర్చుంటే సింహళం దాకా గర్జించేవాడు. టంకం పెడుతుంటే లేచే గుగ్గిలం పొగకి, ఇంట్లో రోజూ సత్యనారాయణ వ్రతమేమో అని వచ్చిన చుట్టాలు ప్రసాదం కోసం కూర్చునేవాళ్లు.

డాబా మీద ఆ రేడియో తీగ కోసం పాతిన గుంజ ఒకటి. ఊళ్లో అంతకంటే పొడుగైనది లేదు. పావురాలు దాని మీద వాలాలంటే దారిలో ఒకచోట ఆగి అలుపు తీర్చుకునేవని నా గట్టి నమ్మకం. గుంజ పైనుంచి రాగి తీగ ఏటవాలుగా పిట్టగోడ దాకా దిగేది. అక్కడి నుంచి గదిలోకి మామూలు కేబుల్ ఉండేది. ఒకరోజు నాన్న పాత సామాన్ల దుకాణం నుంచి బొటనవేలంత లావు అల్యూమినియం గొట్టంలో తీగ ఉన్న కేబుల్ చుట్ట ఒకటి భుజాన వేసుకుని, పాము పట్టినవాడిలా ఊరేగుతూ వచ్చాడు. గదిలోంచి గాలిలోకి పోయే బలమంతా దారిలో కారిపోకుండా అది కాపాడుతుందట. చిక్కల్లా దాన్ని రాగికి అతకడంలోనే. అల్యూమినియం మీద టంకం నిలవదు. అలిగిన అల్లుడిలా జారి కిందపడుతుంది.

“రాగీ అల్యూమినియమూ తోడల్లుళ్లమ్మడూ,” అన్నాడు నాన్న, తన సొంత తోడల్లుణ్ణి తలుచుకున్నట్టు మొహం పెట్టి. “పొడిగా ఉన్నంతసేపూ పక్కపక్కనే కూర్చుంటారు. మధ్యలో తడి చేరిందో, ఒకడు రెండోవాణ్ణి తినేస్తాడు.”

అందుకని గొట్టాన్ని గీకి, రాగి తీగ చుట్టి, మర బిగింపు పట్టీ వేసి, అమ్మ చలికాలానికి దాచుకున్న వేసలీన్ సీసా మొత్తం దానికి పూసి, పైన వాన పడకుండా కొబ్బరి చిప్ప ఒకటి గొడుగులా బోర్లించాడు. ఆ చలికాలం అమ్మ పెదవులు పగిలాయి గానీ, అతుకు మాత్రం నిగనిగలాడింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున ఉపద్రవం వచ్చింది. వాడకంతా ఒకే టీవీ, అది పటేల్ ఇంట్లోది. పురాణం సీరియల్ వస్తుంటే జనం చెప్పులు బయట విడిచి, తలంటుకుని, అగరొత్తులు వెలిగించి చూసేవాళ్లు. ఆ రోజు తపస్సు ఫలించింది. దేవుడు ప్రత్యక్షమయ్యాడు, చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు. అచ్చం మా నాన్న గొంతుతో, “మీ ఊళ్లో వానలు పడ్డాయాండీ?” అని అడిగాడు.

ఒక ముసలాయన భక్తిగా, “పడలే తండ్రీ,” అన్నాడట.

పటేల్ మెట్లెక్కి వచ్చేసరికి నాన్న ఇంకా మైకు ముందే ఉన్నాడు. “ఏంది సారూ, దేవుడు వరమిచ్చేటప్పుడు నడిమిట్ల మీకేం పని? జర మీ గొంతు మీ ఇంట్లనే పెట్టుకోరాదుండ్రి!”

నాన్న క్షమించమన్నాడు, కంటికి కనిపించిన తీగలన్నీ సర్దాడు. పై ఆదివారం దేవుడు ఇంకా స్పష్టంగా గోదావరి యాసలో మాట్లాడాడు. ఈసారి పటేల్ మెట్లెక్కలేదు, కింద నుంచే అరిచాడు. “ఇగ వచ్చే ఐతారం మీ గొంతు ఇనబడ్డదో, గుంజ పీకి కొట్టంల ఏస్తా!”

రోజంతా ‘సరేనండి’ అనే మనిషికి పౌరుషం ఎక్కడ దాక్కుని ఉంటుందో తెలియదు. “గుంజ పీకితే మేమూ ఉండమండీ. సిటీలో ఆఫీసు పక్కనే గది చూసుకుంటాం,” అనేశాడు నాన్న.

ఆ గదిని నేనొకసారి చూశాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలేది. గుంజ పోతే ఇల్లు, ఇల్లు పోతే గుట్టలు, గుట్టలు పోతే సీతాఫలాలు, మక్క గారెలు, నా రాజ్యం యావత్తూ. ఆ వారమంతా నేను అన్నం తినలేదని ఇప్పటికీ చెబుతుంటాను. రెండోసారి వడ్డించుకోలేదన్నది అసలు నిజం. నాన్న రేడియో పెట్టె విప్పి బిగించాడు, ఎర్త్ తీగ మార్చాడు, పటేల్‌ని బతిమాలి టీవీ యాంటెన్నాను రెండో వైపు తిప్పించాడు. అతుకు జోలికి మాత్రం వెళ్లలేదు. “దానికేం ఢోకా లేదు, చిప్ప కింద చల్లగా ఉంది,” అనేవాడు. మమ్మల్ని చూసి బెంగపడి సత్తెమ్మ పెద్దమ్మ ఏం చేస్తోందో మాకెవరికీ తెలియదు.

శనివారం సాయంత్రం నాన్న పిట్టగోడకు ఆనుకుని గుట్టల వైపు చూస్తున్నాడు. నేను పక్కనే నిలబడి ముక్కు ఎగబీల్చాను.

“నాన్నా, మన కేబుల్ పులిహోర వాసనొస్తోంది.”

నాన్న విసుగ్గా చూశాడు. తర్వాత తనూ వాసన చూశాడు. కొబ్బరి చిప్ప ఎత్తాడు.

లోపల ఒక గుడి వెలసి ఉంది. అతుకంతా పసుపు, పసుపు మీద బొట్లు, వాటి పైన దండగా గుచ్చిన నిమ్మకాయా మిరపకాయలూ. తాజా నిమ్మకాయ పొడిచిన రంధ్రంలోంచి రసం చుక్కచుక్కగా అతుకు మీదికి జారుతోంది. కింద పాత నిమ్మకాయల తొక్కలు, పూర్వీకుల్లా. వేసలీన్ జాడే లేదు. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతోంది, రాగి మీద పచ్చగా చిలుము పట్టింది. అలా పాడైన అతుకు తనే ఒక చిన్న రేడియోలా మారి, నాన్న మాటను కింది టీవీలోకి తోసేస్తుందట.

నాన్న కేకకి పటేల్, ఆయన వెనక సత్తెమ్మ పెద్దమ్మ పైకొచ్చారు. చిప్ప ఎత్తి ఉండడం చూసి ఆమె చెంపలేసుకుంది.

“అయ్యో సారూ, దేవుని మీది మూత గట్ల తీస్తరా?”

“దేవుడేంటండీ? అది అతుకండీ!”

“ఎర్కే. చిప్ప బోర్లిస్తే మీరేదో మొక్కుకున్నరనుకున్న. ఊరోళ్ల కండ్లన్ని ఆ గుంజ మీదనే, దిష్టి తగలదా మరి? దాని ఒంటికి ఏదో జిడ్డున్నది, మంచిగ తుడిచి పసుపు పెట్టిన. శనివారం శనివారం నిమ్మకాయ మారుస్తున్న.” భర్త వైపు తిరిగింది. “ఈయన పీకుతా అన్నడని ఇయ్యాల ఇంకా పెద్ద కాయ కట్టిన. సారు ఇల్లిడిశి పోవద్దని.”

శనివారం కాయ, ఆదివారం దేవుడు. నాన్న లెక్క అర్థమై పిట్టగోడ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. పటేల్ “అంటే ఇన్ని రోజులు నా ఇంట్ల టీవీని ఖరాబు చేసింది నా పెండ్లామేనా?” అని, ఆ పైన ఆయనా కూర్చున్నాడు.

చీకటి పడకముందే పని ముగించారు. పాడైన ముక్క కోసేసి, గరుకు కాగితంతో గొట్టం రుద్ది, రాగికి ముందే టంకం పూత పూసి, “తోడల్లుళ్ల మధ్య పెద్దమనిషిని కూర్చోబెట్టాను,” అన్నాడు నాన్న. పటేల్ పట్టీ మర బిగించాడు. అమ్మ కొత్త వేసలీన్ సీసా ఇచ్చింది, ఈసారి సగం మిగల్చమని. ఇక నిమ్మకాయ సంగతి మిగిలింది. దాన్ని వద్దనడానికి నాన్నకు నోరు రాలేదు. పెద్దమ్మే తేల్చేసింది: “మెట్ల కాడి తలుపుకు కడత. దిష్టి గుంజ కాడికి పోవాలన్నా మెట్లెక్కే కదా పోవాలె.”

మర్నాడు నాన్న మైకు ముందు, పటేల్ టీవీ ముందు, మెట్ల మధ్యలో నేను. నాన్న గొంతు చించుకుని గాలిని పిలుస్తున్నాడు. “నాన్న వచ్చిండా?” అని నేను అరిచాను. కింద నుంచి వాడ మొత్తం ఒక్కసారే, “రాలే!” అంది. ఆ మాటకి నా ఛాతీలోంచి దిగిన బరువు కొలిస్తే, ఆ గుట్టల్లో ఒకటి తక్కువ పడి ఉండాలి.

సీరియల్ అయ్యాక పెద్దమ్మ మక్క గారెల గిన్నెతో పైకొచ్చి, నాన్నను ఎగాదిగా చూసింది.

“పానం మంచిగున్నదా సారూ? ఈ వారం టీవీల రాలే.”

గుంజ ఎప్పుడో దిగిపోయింది. నాన్న, పటేల్, పెద్దమ్మ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఆ ఇంటి చోట ఇప్పుడు అంతస్తులు లెక్కపెట్టడానికి మెడ చాలని మేడ ఉంది. సీతాఫలాలు దుకాణం చలిపెట్టెలో ప్లాస్టిక్ గిన్నెల్లో దొరుకుతాయి. మా అపార్టుమెంటులో గోడ అవతల ఎవరుంటారో నాకు తెలియదు, వాళ్ల గొంతు పొరపాటున కూడా నా ఇంట్లోకి రాదు. అతుకులన్నీ అంత గట్టిగా ఉన్నాయి.

నిన్న జనరేటర్ గది దగ్గర సెక్యూరిటీ ఆయన్ని పిలిచాను. ఖాజాగూడ మనిషేనట. నిమ్మకాయ దండను కాస్త పక్కకు, తలుపుకు కట్టమన్నాను. ఆయన మారు మాట్లాడకుండా విప్పి, తలుపు కొక్కేనికి తగిలించి, చేతులు దులుపుకుంటూ అడిగాడు.

“ఆడ ఉంటే ఏమైతది మేడం?”

రాగి మీద పడ్డ రసం చుక్కను చున్నీతో తుడిచి, ఊపిరి పీల్చుకున్నాను.

“ఐతారం నాడు టీవీల మా నాన్న వస్తడు,” అన్నాను.