బీట్‌రూట్ అని రాసిన వారం

నా చిన్నప్పుడు, తొంభైల్లో, పీణ్య అనే ఫ్యాక్టరీల పేటలో మా పక్కింటి మేడమీద ఒక అక్క అద్దెకు దిగింది. గుంటూరు వైపు మనిషి. కూరగాయలు తింటే పేగులకు ఏం మేలు జరుగుతుందో పరిశోధన చేస్తోందట. పిల్లలు వారం రోజులు ఏ కూర తిన్నదీ రాయడానికి ఒక కాగితం, మూత ఉన్న చిన్న డబ్బాలు కొన్ని ఇంటింటికీ ఇచ్చింది. డబ్బాలు పిల్లల మలం పట్టి ఇవ్వడానికని తెలిసిన రోజున మా వీధిలో సగం తలుపులు మూసుకున్నాయి.

మా అవ్వకైతే మొదటినుంచీ అనుమానమే. చేతబడికి వెంట్రుకలు, గోళ్ళు అడుగుతారని విన్నది గానీ ఇది ఎన్నడూ వినలేదు. "చదువుకున్న పిల్ల ఎవురన్నా అది అడుగుతాదా అప్పా? ఏందో ఉండాది దీంట్లో," అని మా నాన్నతో అంది. ఆ అక్క మా మెట్లెక్కితే చాలు, అవ్వ పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టేది. నేనూ అవ్వ కళ్ళతోనే చూసేదాన్ని. ఆమె మా చెత్తబుట్ట వైపు చూసినా కూరగాయల తొక్కలు వెతుకుతోందనిపించేది.

అసలు సంగతి వేరే. మా నాన్న పనిచేసే మెషిన్ షాపు మూతపడి అప్పటికి కొన్ని నెలలైంది. అవ్వ పొద్దున్నే ఇళ్ళు కట్టని ఖాళీ సైట్లలో తిరిగి, వాటంతట అవే మొలిచిన ఆకులు కొంగులో వేసుకొచ్చేది. బెరికె సొప్పు అంటాం వాటిని. ఆ పులుసూ, రాగిముద్దా మా తిండి. ఇది వీధిలో తెలిస్తే పరువు పోతుందని అవ్వ భయం. నాకు తరచూ కడుపునొప్పి వస్తోందని అమ్మ డబ్బాలకు ఒప్పుకుంది గానీ, కాగితం మాత్రం అవ్వ చెప్పినట్టే రాశాను. సోమవారం బీన్స్, మంగళవారం బీట్‌రూట్, బుధవారం క్యారెట్. పెళ్ళి భోజనాల్లో చూసిన కూరలన్నీ అందులోకి వచ్చేశాయి.

వారం తర్వాత ఆ అక్క వచ్చి మా వసారాలో కూర్చుంది. "మంగళవారం బీట్‌రూట్ తిన్నావు కదమ్మా, మర్నాటి డబ్బాలో ఎరుపే లేదే," అని మెల్లగా అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అవ్వ లోపలినుంచి వచ్చి, మేం అబద్ధాలు చెప్పేవాళ్ళం కాదంది. ఆ మాట అక్కడెవరూ అననేలేదు.

ఆ అక్క సంచిలోంచి తనూ అలాగే రాసుకున్న కాగితం తీసి చూపించింది. వారమంతా బేకరీ బన్ను, టీ. "కూరగాయల మీద చదివేదాన్ని, నేనే తినట్లేదు మామ్మగారూ. సిగ్గేసినా ఉన్నదే రాశాను. కాగితంలో రాసింది తప్పయితే నా రెండేళ్ళ పనీ తప్పే అవుద్ది."

నాకు ఏడుపొచ్చింది. మేం తినేది సైట్లో ఆకులని చెప్పేశాను. అవ్వ ముఖం చూడలేకపోయాను. ఆ అక్క మాత్రం ముందుకు జరిగి, ఏమేం ఆకులని అడిగింది. అవ్వ వేళ్ళు మడుస్తూ పదకొండు పేర్లు చెప్పింది. ఇన్ని రకాలు ఈ వీధిలో ఎవరూ తినట్లేదని ఆమె అంటే, "రాసుకోని ఏం జేస్తావమ్మా?" అని అవ్వ మళ్ళీ అనుమానపడింది. మర్నాడు ఆ అక్కను సైట్లకు వెంటబెట్టుకుని వెళ్ళింది గానీ, పొన్నగంటి మొలిచే చోటు మాత్రం చూపించలేదు.

కొత్త కాగితంలో ఏడు రోజులూ నిజమే రాశాను. ఇప్పుడు నా తలా నెరుస్తోంది. అనుమానం అవ్వనుంచి నాకూ వచ్చింది, పోలేదు. ఎవరైనా మా ఇంట్లోకి తొంగిచూస్తున్నారనిపిస్తే మాత్రం, నేను గిన్నెకు మూత ఎందుకు పెట్టానో ముందు నన్ను నేనే అడుగుతాను.